కొత్త టెక్నాలజీ – మన సంతరీ డ్యూటీ

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను కొత్త టెక్నాలజీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరును కాను. ఇంటర్మీడియెట్ చదివి ఫౌజులో భర్తీ అయినవాణ్ణి. యంత్రం లోపల ఏముందో నాకన్నా ఇక్కడున్న ఈ.ఎం.ఈ., సిగ్నల్స్ సోదరులు బాగా చెబుతారు. యంత్రం ముందు నిలబడి "దీన్ని నమ్మొచ్చా?" అని ఆలోచించే మనిషి గురించి మాత్రం నేను చెప్పగలను. ఎందుకంటే ముప్పై ఏళ్ళుగా అలాంటి మనుషుల మధ్యే ఉన్నాను.

మన ఇళ్ళల్లో రోజూ వినబడే మాట ఒకటుంది. తండ్రి ఫోన్లో డబ్బు పంపడానికి తటపటాయిస్తే కొడుకు "నాన్నా, నువ్వు మరీ పాతకాలం మనిషివి" అంటాడు. తండ్రి "మీ ఫోన్లను నమ్ముకుని ఉన్నది పోగొట్టుకోమంటావా?" అంటాడు. ఇద్దరూ అక్కడితో ఆపేస్తారు. పని మాత్రం జరగదు. ఇద్దరిలో ఎవరిది తప్పు? నన్నడిగితే తండ్రి అనుమానంలో తప్పు లేదు. కొడుకు తొందరలోనూ తప్పు లేదు. కానీ తండ్రి వేసిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

రాత్రి గార్డులో నిలబడ్డ ప్రతి జవానుకూ తెలుసు. చీకట్లో ఎవరో వస్తున్నారు. సంతరీ ఏం చేస్తాడు? "థమ్! కౌన్ ఆతా హై?" అని గట్టిగా అడుగుతాడు. వచ్చినవాణ్ణి ఆపుతాడు. పాస్‌వర్డ్ అడుగుతాడు. మొహం గుర్తుపట్టాక లోపలికి పంపుతాడు. పాస్‌వర్డ్ అనే మాట ఈ ఫోన్లు రాకముందే మనకు తెలుసు! అడక్కుండా వదిలేసే సంతరీకి చార్జి తప్పదు. సరైన పాస్‌వర్డ్ చెప్పినా సొంత మనిషిని లోపలికి రానివ్వని సంతరీ కూడా డ్యూటీ చేసినట్టు కాదు. కొత్త వస్తువు విషయంలో మన సందేహం కూడా ఇలాగే ఉండాలని నేను చెప్పదలచుకున్నాను. ఆపాలి, అడగాలి, గుర్తుపట్టాక లోపలికి పంపాలి.

అడిగినవాడికి జవాబు చెప్పకపోతే ఏమవుతుందో మన సైన్య చరిత్రలోనే ఉంది. అదీ ఇక్కడికి దగ్గర్లోనే జరిగింది. ఇప్పుడు మేరఠ్ అంటే మనకు దూరం కాదు. 2024 ఆగస్టులోనే నమో భారత్ రైలు మేరఠ్ సౌత్ దాకా వెళ్ళింది. 1857లో కంపెనీ సైన్యంలోకి ఎన్‌ఫీల్డ్ అనే కొత్త రైఫిల్ వచ్చింది. అది మంచి రైఫిలే. పాత బ్రౌన్ బెస్ తుపాకీకన్నా ఎక్కువ దూరం, ఎక్కువ గురిగా కొట్టేది. కానీ దాని తూటా కాగితపు పొట్లంలో ఉండేది. ఆ కాగితానికి కొవ్వు పూసేవారు. పళ్ళతో కొరికి తెరిచి మందు గొట్టంలో పోయాలి. ఆ కొవ్వు ఆవుదా, పందిదా అని సిపాయిలకు అనుమానం వచ్చింది. వాళ్ళ ప్రశ్న రైఫిల్ గురించి కాదు, తమ నోట్లోకి ఏం వెళుతోందన్నదే.

ఆ ప్రశ్నకు వాళ్ళు నమ్మే మనిషి ఎవరూ వాళ్ళు నమ్మేట్టు జవాబు చెప్పలేదు. తర్వాత "మీ కొవ్వు మీరే పూసుకోండి, పళ్ళతో వద్దు, చేత్తో చింపండి" అని ఆర్డరు మార్చారు. దాంతో అనుమానం తగ్గకపోగా పెరిగింది. ఏమీ లేకపోతే ఎందుకు మారుస్తారని అనుకున్నారు. ఏప్రిల్ 24న మేరఠ్‌లో 3వ లైట్ కావల్రీకి చెందిన 90 మందిని పెరేడ్‌కు పిలిచి తూటాలు తీసుకోమంటే 85 మంది వద్దన్నారు. గమనించండి, ఆ రోజు ఇచ్చినవి కొత్త రైఫిల్ తూటాలు కావు. వాళ్ళు ముందునుంచీ వాడుతున్న పాత రకమే. నమ్మకం పోయాక పాత వస్తువు కూడా విషంగానే కనిపిస్తుంది. మే 9న అందరి ఎదుటా వాళ్ళకు సంకెళ్ళు వేశారు. 10న మేరఠ్ లేచింది. 11 పొద్దుటికి వాళ్ళు ఢిల్లీ చేరారు. ఆ తిరుగుబాటుకు ఇంకా ఎన్నో కారణాలున్నాయి, అది వేరే కథ. తూటా విషయం వరకు మనకు కావలసిన పాఠం ఒక్కటే. అడిగినవాణ్ణి శిక్షిస్తే సందేహం చావదు, పదింతలై తిరిగొస్తుంది.

ఇక మన కళ్ళముందు జరిగినవి చూద్దాం. 1990లలో ఢిల్లీలో ఉన్నవారికి ఇక్కడి పొగ గుర్తుండే ఉంటుంది. ఐ.టి.ఓ. దగ్గర బస్సు దిగి మొహం తుడుచుకుంటే రుమాలు నల్లగా అయ్యేది. 1998 జూలై 28న సుప్రీంకోర్టు, ఎం.సి. మెహతా కేసులో, ఢిల్లీ సిటీ బస్సులన్నీ 2001 మార్చి 31కల్లా సి.ఎన్.జి.కి మారాలని ఆదేశించింది. అప్పుడు ఎన్ని అనుమానాలు! సీటు కింద గ్యాస్ సిలిండరు పెట్టుకుని తిరగడమా అన్నారు. పేలితే దిక్కెవరన్నారు. ఇంజన్ లాగదన్నారు. పేద ఆటోవాడు అప్పుచేసి కిట్టు వేయించుకుంటే గ్యాస్ ఎక్కడ దొరుకుతుందన్నారు. నిపుణులలో కూడా ఒక మాట లేదు.

ఆ అనుమానాల్లో కొన్ని ఒట్టి భయాలు. కొన్ని మాత్రం నిజం. గడువు దగ్గరపడేసరికి గ్యాస్ బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ ఆటోల లైన్లు. డ్రైవర్లు రాత్రి ఆటోలోనే పడుకునేవారు. కోర్టు ఆ సంగతి ముందే ఆలోచించింది. అప్పటికి 9 ఉన్న గ్యాస్ బంకులను 2000 మార్చి 31కల్లా 80 చేయాలని అదే ఆర్డర్లో ఉంది. అంటే ఆటోవాడికి కోపం గ్యాస్ మీద కాదు, లైను మీద. బంకులు, గ్యాస్ సరఫరా పెరిగేకొద్దీ ఆ కోపం తగ్గింది. గడువు పొడిగిస్తూ పోయి 2002 డిసెంబరుకు సిటీ బస్సుల్లో డీజిలు పోయింది. ఆర్డరు నుంచి లెక్కేస్తే నాలుగేళ్ళు దాటింది. సి.ఎన్.జి.తో ఢిల్లీ పొగ పూర్తిగా పోలేదు, ప్రతి నవంబరులో మనం పీలుస్తూనే ఉన్నాం. కానీ బస్సు వెనక నల్లపొగ మేఘం పోయింది. సిలిండరున్న బస్సెక్కడానికి ఎవరూ జంకడం లేదు.

ఇంకా ఎక్కువ కాలం పట్టినది ఓటింగ్ యంత్రం. పార్టీల వాదనల్లోకి నేను పోను. అవి మన వేదికకు తగవు. తేదీలు మాత్రం చెబుతాను. 1982 మే 19న కేరళలోని పరూరు అసెంబ్లీ స్థానంలో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడారు. చట్టంలో యంత్రం మాట లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ ఓటింగును కొట్టేసింది. చట్టం మార్చడానికి 1988 డిసెంబరు దాకా పట్టింది. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలో కలిపి 16 అసెంబ్లీ స్థానాల్లో వాడారు. అందులో 6 ఢిల్లీవే. 2004లో లోక్‌సభ ఎన్నికలు దేశమంతటా యంత్రాలతోనే జరిగాయి. మొత్తం ఇరవై రెండేళ్ళు! ఈ యంత్రాలు తయారుచేసేది బెంగుళూరులోని బి.ఇ.ఎల్., మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్.

అంతటితో ప్రశ్న ఆగలేదు. "నేను నొక్కిన గుర్తుకే ఓటు పడిందని నాకెలా తెలుస్తుంది?" అని జనం అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబుగా 2013లో వి.వి.ప్యాట్ వచ్చింది. అద్దం వెనక కాగితం చీటీ ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని కేంద్రాల్లోనూ పెట్టారు. అనుమానించినవాళ్ళు అడక్కపోతే ఆ చీటీ వచ్చేదా? ప్రశ్న అడిగినవాడు యంత్రానికి శత్రువేమీ కాదు. ఒక్కోసారి అతనివల్లే యంత్రం మెరుగుపడుతుంది.

మరి మెట్రో సంగతేమిటి? 2002 డిసెంబరు 24న షాహ్‌దరా నుంచి తీస్ హజారీ దాకా ఆరు స్టేషన్ల లైనును అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు ప్రారంభించారు. మర్నాడు జనం లక్షల్లో విరగబడ్డారు. యంత్రాలమీద మోయలేక కాగితం టిక్కెట్లు ఇవ్వాల్సివచ్చింది. అక్కడ అనుమానం ఏమైపోయింది? ఓటు యంత్రానికి ఇరవై రెండేళ్ళు పట్టి, మెట్రోకి ఒక్కరోజు చాలడమేమిటి?

నాకు తోచిన కారణం చెబుతాను. మెట్రో ఎక్కి చూస్తే పోయేదేముంది? అప్పట్లో నాలుగు రూపాయల టిక్కెట్టు, అరగంట సమయం. నచ్చకపోతే దిగి బస్సెక్కొచ్చు. పోయేది తక్కువైతే మనిషి వెంటనే ముందుకొస్తాడు. పోయేది ఎక్కువైతే వెనకాడతాడు. ఆటోవాడికి జీవనాధారం పోతుంది. ఓటరుకు అయిదేళ్ళ మాట పోతుంది. సిపాయికి మతం పోతుందనిపించింది. మనిషి లెక్కలో యంత్రం ఎంత గొప్పదన్నది తర్వాత, తనది పోయేదెంత అన్నది ముందు.

మనలో చాలామందికి పే పెరేడ్ గుర్తుంటుంది. టేబుల్ ముందు సెల్యూట్ కొట్టి, నోట్లు లెక్కపెట్టుకుని, ఎక్విటెన్స్ రోల్ మీద సంతకం పెట్టేవాళ్ళం. జీతం బ్యాంకులో పడడం మొదలయ్యాక కొందరు జవాన్లు మొదటి తారీఖునే మొత్తం తీసేసుకుని, లెక్కపెట్టి, అవసరమైనంత ఉంచుకుని మిగతాది మళ్ళీ అందులోనే వేసేవారు. చూసి నవ్వుకున్నాం. కానీ అది వాళ్ళు పెట్టిన పరీక్ష. రెండుమూడు నెలలు పరీక్ష పాసయ్యాక బ్యాంకును నమ్మారు. 2016లో యు.పి.ఐ. వచ్చాక కూడా అంతే. కొత్తవాళ్ళకు పంపేటప్పుడు ముందు ఒక్క రూపాయి పంపి, "అందిందా?" అని అడిగి, తర్వాత మిగతాది పంపుతాం. ఎవరూ నేర్పని తెలివి ఇది. మెట్రోవాళ్ళు కూడా 2020 డిసెంబరు 28న మెజెంటా లైన్లో డ్రైవరు లేని బండి నడిపినప్పుడు మొదట్లో సిబ్బందిని బండిలోనే ఉంచారు. 2021 నవంబరులో పింక్ లైనుకూ ఆ పద్ధతి వచ్చింది. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరున్న స్టేషను ఆ లైన్లోదే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మన పెన్షన్లు. పూర్వం ఏటా నవంబరులో బ్యాంకుకో, డి.పి.డి.ఓ.కో వెళ్ళి గుమాస్తా ఎదురుగా సంతకం పెట్టి "నేను బతికే ఉన్నాను" అని చూపించుకునేవారు. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఆధార్ వేలిముద్రతో ఆ పని అయ్యేది. కానీ పొలం పనిచేసి, గిన్నెలు తోమి అరిగిపోయిన వేళ్ళను యంత్రం గుర్తుపట్టలేదు. 2021 నవంబరు 29న మొహం చూసి గుర్తుపట్టే పద్ధతి తెచ్చారు. దాంతో ఇంట్లో ఫోన్లోనే చేసుకునే వీలు కలిగింది. 2021లోనే రక్షణ పెన్షనర్లకు స్పర్శ్ మొదలైంది. పాత పెన్షనర్లను కూడా క్రమంగా బ్యాంకుల నుంచి అందులోకి మార్చారు.

ఇది సదుపాయమే. కానీ దీనిలో పోయేదెంత? నెల మొత్తం పెన్షను! గుర్తింపు నమోదు కాకపోతే డబ్బు ఆగిపోతుంది. ఒంటరిగా ఉండే వృద్ధురాలికి అది బియ్యం, మందుల డబ్బు. అందుకే అనుమానం.

మా కాలనీలో ఒక పెద్దావిడ ఉన్నారు, స్వర్గస్తుడైన ఒక హవల్దారు గారి భార్య. మొదటిసారి ఫోన్లో మొహం చూపించమంటే ఆవిడ అడిగారు:

"ఏం బాబూ, నేను బతికున్నానని ఈ ఫోను ఎవరికి చెబుతుంది?"

"ప్రయాగ్‌రాజ్‌లో మన పెన్షన్ ఆఫీసుకు చెబుతుందమ్మా."

"వాళ్ళు విన్నారని నాకెవరు చెబుతారు?"

చూశారా, ఆవిడ ఎంత చదువుకున్నారని? కానీ అడిగిన ప్రశ్న పక్కా. ప్రమాణ్ ఐ.డి. వచ్చినంతమాత్రాన పని అయిపోయినట్టు కాదు. పెన్షన్ ఇచ్చేవాళ్ళు దాన్ని ఒప్పుకోవాలి. ఫారంలో పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర స్పర్శ్ అని కాకుండా అలవాటుకొద్దీ పాత బ్యాంకు పేరు పెడితే అది చేరవలసిన చోటికి చేరదు. ఆ తర్వాత స్పర్శ్‌లో గుర్తింపు నమోదైందో లేదో చూసుకోవాలి. ఆవిడకు ఆ వివరం తెరమీద చూపించాం, ఒక కాగితం మీద ప్రింటు తీసి చేతిలో పెట్టాం. ఆ కాగితాన్ని ఆయన మెడల్సున్న పెట్టెలో దాచుకున్నారు. మరుసటి నెల పెన్షను పడింది. తర్వాతి ఏడాది ఆవిడ తనే మరో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చి, "ఏం భయం లేదు వదినా, కళ్ళు ఆర్పమంటే ఆర్పు, అంతే" అని ధైర్యం చెప్పారు. నేను గంట ఉపన్యాసం ఇచ్చినా ఆ ఒక్క మాటకు సాటి రాదు. కొత్త పద్ధతి పాకేది ఇలాగే. ప్రకటన చూసి కాదు, తనలాంటి మనిషి వాడి చెడలేదని చూసి.

అయితే సంతరీని డ్యూటీ నుంచి దించమని మాత్రం నేను చెప్పడం లేదు. ఈ మధ్య మోసగాళ్ళకు పెన్షనరంటే పండగ. "మీ లైఫ్ సర్టిఫికెట్ రాలేదు, పెన్షను ఆపేస్తున్నాం, ఓ.టి.పి. చెప్పండి" అని ఫోన్లు. పోలీసు యూనిఫాం వేసుకుని వీడియోలో కనబడి "డిజిటల్ అరెస్టు" అని భయపెట్టడాలు. అలాంటి అరెస్టు చట్టంలో లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి గారే మన్ కీ బాత్‌లో చెప్పారు. ఓ.టి.పి. మన రాత్రి పాస్‌వర్డ్ లాంటిది. గేటు బయట నుంచి ఎవడో అరిస్తే సంతరీ పాస్‌వర్డ్ చెప్పేస్తాడా? అడిగేవాడు సంతరీ, చెప్పాల్సినవాడు వచ్చినవాడు. ఫోన్లో ఇది తిరగబడితే అక్కడే ఆగిపోండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం అమృతం విషం అంటారు, ఇక్కడ అది అక్షరాలా నిజం.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు, పిల్లలకు ఒక మనవి. పెద్దవాళ్ళు అడిగితే చేతిలోంచి ఫోను లాక్కుని మీరే నొక్కేయకండి. అలా చేస్తే ఆ రోజు పని అవుతుంది, మరుసటి ఏడాది మళ్ళీ మీ కోసం ఎదురుచూస్తారు. మీరు పోస్టింగులో ఎక్కడో లేహ్‌లో ఉంటారు. ట్రైనింగ్ సెంటర్లో ఉస్తాద్ మనకెలా నేర్పాడు? ముందు నమూనా చూపించాడు. మనచేత నకలు చేయించాడు. తర్వాత అభ్యాసం. మన రైఫిల్ ఆయన విప్పి జోడించలేదు, మనచేతే విప్పించాడు. అమ్మానాన్నలకు కూడా అదే పద్ధతి. వేలు వాళ్ళది కావాలి, ఓపిక మీది కావాలి.

మన సంఘానికి ఒక చిన్న ప్రతిపాదన. ఏటా అక్టోబరులో రెండు ఆదివారాలు పెన్షనర్ల కోసం పెడదాం. ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్కరు కూర్చోవాలి. తెలుగులో చెప్పాలి, వాళ్ళ చేతే చేయించాలి. స్పర్శ్‌లో నమోదైనట్టు చూపించి కాగితం ఇవ్వాలి. రాలేని వృద్ధుల ఇంటికి మనమే వెళదాం. ద్వారకా నుంచి నోయిడా దాకా, గుర్‌గావ్ నుంచి ఘజియాబాద్ దాకా మనవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో జాబితా ఒకటి తయారుచేద్దాం. యంత్రాన్ని ససేమిరా నమ్మనివాళ్ళుంటే వాళ్ళను కించపరచొద్దు. స్పర్శ్ సేవాకేంద్రానికి తోడు తీసుకెళదాం. పాత దారి మూయకుండా కొత్త దారి చూపిస్తే జనం వాళ్ళంతట వాళ్ళే కొత్త దారికి వస్తారు.

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని సామెత. నన్నడిగితే కొత్తంతా వింత కాదు, పాతంతా రోత కాదు. కొండమీది పోస్టులకు హెలికాప్టరు వచ్చింది, ఆయినా కంచరగాడిదల పని ఉంటూనే వచ్చింది. దేని పని దానిదే. కొత్తదాన్ని చూడగానే చప్పట్లు కొట్టక్కర్లేదు, తలుపు వేసుకోనూ అక్కర్లేదు. అడగండి. అడిగినవాళ్ళకు జవాబు చెప్పండి. మనం ఆ జవాబు ఎంత తొందరగా, ఎంత ఓపికగా చెబితే ఆ తల్లి పెన్షను అంత నిశ్చింతగా ఇంటికి చేరుతుంది.

 

జై హింద్.